పిట్టల పద్దు రాసిన దొర డాక్టరు జెర్డన్

సంక్రాంతి దాటిందంటే ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి ప్రాంతాల నల్లరేగడి చేలల్లో జొన్న కంకి గట్టిపడుతుంది. రైతు గుండెలో దిగులూ అప్పుడే మొదలవుతుంది. మంచె మీద వడిసెల తిప్పేవారు తిప్పుతుండగానే, డబ్బాలు మోగించేవారు మోగిస్తుండగానే, ఎక్కడి నుంచో మబ్బులాగా ఒక పిట్టల గుంపు వచ్చి చేను మీద వాలుతుంది. తల నలుపు, రెక్కలు నలుపు, ఒళ్ళు గులాబీ రంగు. చూడటానికి గోరింకలాగే ఉంటుంది, వాటి చుట్టమే. ఇవి మన ఊళ్ళలో గూడు కట్టవు, గుడ్డు పెట్టవు. మధ్య ఆసియా మైదానాల నుంచి చలికాలం గడపడానికి వచ్చి, చైత్ర వైశాఖాల్లో ఎండ ముదరగానే వెళ్ళిపోతాయి. అక్కడ పిల్లల్ని పెంచేటప్పుడు మాత్రం మిడతల్ని లెక్కలేకుండా తింటాయట. ఇక్కడ చేసిన అప్పును అక్కడ తీరుస్తాయన్న మాట. కంపెనీ కాలపు తెల్లదొరలు వీటిని జొన్న పిట్టలనే పిలిచేవారు.

ఇలాంటి పిట్టలు ఏవి, ఏ నెలలో వస్తాయి, ఏ నెలలో పోతాయి, ఏమి తింటాయి, ఊరివారు వాటిని ఏమని పిలుస్తారు అన్నవి ఒక్కొక్కటిగా పద్దు రాసిపెట్టిన వ్యక్తి డాక్టరు థామస్ కావర్‌హిల్ జెర్డన్. వృత్తి వైద్యం. పేరు వచ్చింది మాత్రం పక్షుల వల్ల. ఈ రోజుల్లో ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో దుర్భిణి మెడలో వేసుకుని చెరువు గట్ల మీద, బీళ్ళలో తిరిగి, ఈ సంవత్సరం ఎన్ని రకాలు కనిపించాయో నోటు పుస్తకంలో రాసుకునే ఔత్సాహికులు చాలామంది ఉన్నారు. వారి జాబితాలకు దక్షిణాదిన గట్టి పునాది వేసిన కొద్దిమందిలో ఈయన ముఖ్యుడు.

ఎడింబరో నుంచి గంజాం దాకా

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. ఆ కాలంలో అక్కడ వైద్య విద్యార్థికి మొక్కల శాస్త్రం, జంతు శాస్త్రం తెలియడం మామూలే. 1835లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అసిస్టెంటు సర్జనుగా చేరి, 1836 ఫిబ్రవరిలో మదరాసులో ఓడ దిగాడు.

మొదట పంపింది గంజాం జిల్లాకు. అప్పుడది మదరాసు రాజధానిలో ఉండేది. అక్కడి సిపాయిలు జ్వరాలతో, రక్త విరేచనాలతో మంచం పట్టి ఉన్నారు. కుర్ర డాక్టరుకు చేతినిండా పని. అయినా తీరిక దొరికినప్పుడల్లా తూర్పు కనుమల అంచుల్లో తిరిగి పిట్టల్ని సేకరించడం మొదలుపెట్టాడు. సేకరించడమంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి, లోపల దూది కూరి, పెట్టెలో దాచడం. నేటి పక్షి ప్రేమికులకు ఈ మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కాని ఆ నాటికి మంచి దుర్భిణి లేదు, ఫోటో లేదు, సరిచూసుకునే పుస్తకమూ లేదు. చేతికి చిక్కని పిట్టకు శాస్త్రంలో లెక్క లేదు.

1837లో ఆయనను రెండవ అశ్విక దళానికి మార్చారు. ఆ దళంతో పాటు తిరుచిరాపల్లి నుంచి దక్కను పీఠభూమిలోని జాల్నాకు వెళ్ళాడు. జాల్నాలో సుమారు నాలుగేళ్ళు గడిచాయి. అక్కడి నేల మన పడమటి తాలూకాల నేలకు తోబుట్టువే. నల్లరేగడి, జొన్న, పత్తి, మధ్య మధ్య రాతి గుట్టలు, గడ్డి బీళ్ళు. గుర్రపు దళం మజిలీ మజిలీగా సాగుతుంటే డాక్టరుకు ప్రతి మజిలీలోనూ కొత్త పిట్ట కనిపించేది. అశ్విక దళంలో ఉద్యోగం ఆయనకు ఈ విధంగా కలిసి వచ్చింది.

చిమ్మెట కొట్టిన పెట్టె

ఆ రోజుల్లో ఇండియాలో ఉన్నవాడు ఒక పిట్టను చూసి ఇది ఫలానా అని తేల్చుకోవడం సులభం కాదు. సరిపోల్చుకునే నమూనాలు, పుస్తకాలు అన్నీ యూరప్‌లో ఉండేవి. అందుకని జెర్డన్ తన మొదటి సేకరణను, కష్టపడి ఆరబెట్టి పెట్టెల్లో సర్ది, స్కాట్లండులో ఉన్న ప్రఖ్యాత పక్షి శాస్త్రజ్ఞుడు సర్ విలియం జార్డిన్‌కు పంపించాడు. నెలల తరబడి ఓడ ప్రయాణం. పెట్టె తెరిచేసరికి చర్మాలకు చిమ్మెట పట్టి ఉంది.

మరొకరైతే అంతటితో చాలించుకునేవారేమో. జెర్డన్ తన గుర్తింపు మీదే నమ్మకముంచి, దగ్గరున్న టిప్పణులతోనే జాబితా రాయడానికి కూర్చున్నాడు. 1839 నుంచి మదరాసు సాహిత్య, శాస్త్ర పత్రికలో దక్షిణ భారత పక్షుల జాబితాను విడతలు విడతలుగా ప్రకటించాడు. అందులో 420 రకాలు ఉన్నాయి. అంతకు ముందు సైక్స్ అనే అధికారి ఇచ్చిన జాబితా రెండు వందల యాభైకి కూడా చేరలేదు. వయసు ముప్పయి నిండని ఒక సైనిక వైద్యుడు, గ్రంథాలయం లేని కంటోన్మెంటులో కూర్చుని చేసిన పని ఇది. అందులో పొరపాట్లు లేకపోలేదు. తర్వాత తర్వాత తానే అనుబంధాలు రాసి దిద్దుకుంటూ వచ్చాడు.

జాబితా అంటే పేర్ల వరుస మాత్రమే కాదు. పిట్ట ఏ నేలలో తిరుగుతుంది, ఏ కాలంలో కనిపిస్తుంది, దాని ఆహారమేమిటి అన్నది కూడా రాశాడు. పక్కనే హిందూస్తానీ పేరు, తమిళ పేరు, తెలుగు పేరు ఇచ్చాడు. కర్నూలు జిల్లావారికి బాగా తెలిసిన బట్టమేక పిట్ట, ఆ తెలుగు పేరుతోనే ఆయన రాతల్లో ఉంది. దొరల చెవికి అందినట్టుగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసినందువల్ల కొన్ని పేర్లు ఇప్పుడు పోల్చుకోవడం కష్టం. అయినా పల్లెల్లో వేటగాళ్ళు, బోయలు, పిట్టలు పట్టేవారు నోటితో చెప్పిన తెలుగు పేర్లు నూట ఎనభై ఏళ్ళ కిందటివి నేటికీ దొరుకుతున్నాయంటే అందుకు కారణం ఈయన పద్దే. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం మనకు దక్కలేదు.

నెల్లూరు రోజులు

1841లో జెర్డన్‌కు ఫ్లోరా మక్లియాడ్‌తో వివాహమైంది. ఆమెకు ఆర్కిడ్ మొక్కల మీద, వాటి బొమ్మలు గీయడం మీద మక్కువ. తర్వాత ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. తెలుగుదేశానికి సంబంధించినంతవరకు ఆయన జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదే.

నెల్లూరుకు పడమట వెలిగొండలు, వాటి వెనుక కడప అడవులు. ఆసుపత్రి పని ముగిశాక ఆ అడవుల్లో సంచారం. ఆ అడవుల్లో ఏ పొదలో ఏముందో తెలిసినవారు యానాదులు. జెర్డన్ వారితో మాట్లాడి అక్కడి జంతువుల గురించి, పక్షుల గురించి వివరాలు సేకరించాడు. చదువుకున్న డాక్టరు, అక్షరం రాని యానాది దగ్గర పాఠం చెప్పించుకున్నాడన్న మాట. ఆ కాలపు దొరతనంలో ఇది సాధారణ విషయం కాదు.

కొత్తవి, అరుదైనవి అయిన 50 పక్షుల రంగు బొమ్మలతో ఒక గ్రంథాన్ని కూడా ఈ కాలంలోనే వెలువరించాడు. 1843లో మొదలై 1847లో పూర్తయిన ఆ గ్రంథానికి బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులు. యూరప్‌లోని శాస్త్రజ్ఞులు కూడా ఆ బొమ్మలను మెచ్చుకున్నారు.

నెల్లూరు తర్వాత మలబారు తీరంలోని తలిచ్చేరికి బదిలీ అయింది. అక్కడ చీమల మీద దృష్టి పెట్టాడు. గెంతుతూ వేటాడే ఒక రకం చీమను 1851లో లోకానికి పరిచయం చేశాడు. జెర్డన్ గెంతుడు చీమగా అది శాస్త్రవేత్తలకు నేటికీ పరిచితమే. పాములు, చేపలు, కప్పలు, దేనినీ వదలలేదు.

వెయ్యిన్ని ఎనిమిది

1850లలో జెర్డన్ మధ్య పరగణాలకు మారి సాగరులో ఉన్నాడు. 1857 తిరుగుబాటు గాలి అక్కడికీ తగిలింది. ఆ అలజడి అణగిన తర్వాత ఆయన ఒక పెద్ద ఆలోచనతో కలకత్తా చేరాడు. ఇండియాలోని జంతు జాతులన్నిటికీ ఊరూరా తిరిగే అధికారి సంచిలో పట్టేటట్లు చేతి పుస్తకాలు ఉండాలన్నది ఆ ఆలోచన. గవర్నరు జనరల్ లార్డ్ కానింగ్‌కు ఇది నచ్చింది. ఆయన జెర్డన్‌ను ప్రత్యేక విధి మీద నియమించాడు.

ఫలితంగా వెలువడిందే భారతదేశపు పక్షులు అన్న గ్రంథం. 1862, 1864 సంవత్సరాల మధ్య మూడు పుస్తకాలుగా అచ్చయింది. జాల్నాలో 420తో మొదలైన జాబితా ఇక్కడ 1008కి చేరింది. హిమాలయాలు, బెంగాలు, అస్సాం కలిశాయి కాబట్టి సంఖ్య పెరగడం సహజమే. కాని ఇన్ని జాతులను ఒకే పద్ధతిలో, ఒకే చేతితో వివరించిన పుస్తకం అంతకు ముందు లేదు. ఆ పుస్తకం తర్వాతే ఈ దేశంలో పోలీసు అధికారి, ఇంజనీరు, అటవీ ఉద్యోగి ఎవరికి వారు తమ జిల్లా పక్షులను లెక్కించడానికి సాహసించారు. చార్లెస్ డార్విన్ సైతం మానవుడి పుట్టుక గురించి రాసిన గ్రంథంలో మగ, ఆడ పక్షుల రంగుల తేడా చర్చించేటప్పుడు జెర్డన్ పరిశీలనలను పలుచోట్ల ఆధారంగా తీసుకున్నాడు.

క్షీరదాల పుస్తకం 1867లో వచ్చింది. 1868లో ఉద్యోగ విరమణ. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. అస్సాం ప్రయాణంలో జబ్బుపడి, చివరికి 1870లో ఇంగ్లండు చేరాడు. సరీసృపాల పుస్తకం అచ్చుకు సిద్ధమవుతుండగానే 1872 జూన్ 12న లండన్ పొలిమేరలోని అప్పర్ నార్వుడ్‌లో కన్నుమూశాడు. అరవై ఒకటో ఏట.

పద్దులో మిగిలిన పిట్ట

జెర్డన్ పేరు మీద పక్షులు కొన్ని ఉన్నాయి. మన బీళ్ళలో రాతి మీదో ముళ్ళకంప మీదో కూర్చుని పాడే ఒక రకం భరత పక్షి కూడా ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది. కాని వాటన్నిటిలో ప్రసిద్ధమైనది కలివికోడి.

నెల్లూరు, కడప కొండల మధ్య రాళ్ళ నేలలో, ముళ్ళ పొదల్లో జెర్డన్‌కు దొరికిన ఈ పిట్టకు మెడ కింద, రొమ్ము మీద రెండు తెల్లటి పట్టీలు ఉంటాయి. పొడవు జానెడు కంటె కొంచెం ఎక్కువ. పగలు పొదల్లో నక్కి ఉండి రాత్రిపూట తిరుగుతుంది. ఎగరడం కంటె పరుగెత్తడమే దీనికి ఇష్టం. జెర్డన్ పంపిన నమూనాను బట్టి కలకత్తా మ్యూజియంలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనిని కొత్త జాతిగా ప్రకటించాడు. దీనికి అడవి ఉత్త తిత్తి అనే అర్థం వచ్చే తెలుగు పేరును జెర్డన్ రాసిపెట్టాడు. ఖాళీ తోలు సంచితో ఈ పిట్టకు పోలిక ఎలా కుదిరిందో ఆ పేరు పెట్టిన వేటగాడికే ఎరుక.

1871లో బ్లాన్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు గోదావరి లోయలో సిరొంచ వైపు దీనిని చూశాడు. 1900లో హోవర్డ్ కాంప్‌బెల్ మన పొరుగున అనంతపురం దగ్గర చూశాడు. ఆ తర్వాత దాని జాడ లేదు. ఎనభై అయిదేళ్ళు గడిచాయి. పుస్తకాలు దీనిని అంతరించిన జాతుల వరుసలో వేశాయి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షాన భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో పిట్ట బొమ్మ పట్టుకుని తిరిగాడు. బొమ్మ చూసి గుర్తుపట్టింది అక్కడి వేటగాళ్ళు. వారికి అది ఎన్నడూ అంతరించలేదు. కలివి పొదల మధ్య రాత్రి తిరిగే కోడి, అంతే. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు దీపం వెలుగులో దానిని పట్టుకున్నాడు. పట్టుబడిన పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కాని జాతి బతికి ఉందని రుజువైంది. పక్షి శాస్త్ర పితామహుడు సలీం ఆలీకి అప్పుడు 89 ఏళ్ళు. మరుసటి ఏడు ఆయన మరణించారు. నూట యాభై ఏళ్ళ కిందట నెల్లూరులో డాక్టరు దొర యానాదులను అడిగినట్లే, ఈసారీ అడవి మనిషిని అడగవలసి వచ్చింది.

శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఈ పిట్ట పుణ్యమా అని 1988లో ఏర్పడింది. బట్టమేక కోసం రోళ్ళపాడు అభయారణ్యం వెలిసిందీ ఆ ఏడే. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. ఏటికి ఒక్కటే గుడ్డు పెట్టే బట్టమేకకు, గడ్డి బీళ్ళు సాగులోకి వచ్చిన కొద్దీ చోటు తగ్గిపోయింది. 1980లలో అక్కడ గుంపులుగా తిరిగిన పక్షి ఈనాడు కనిపించడమే అరుదు.

కలివికోడికి కాలువ గండం వచ్చింది. శ్రీశైలం నీటిని వెలుగోడు మీదుగా కడపకు తీసుకుపోయే తెలుగుగంగ తవ్వకం 2005లో ఈ పిట్ట తిరిగే పొదల్లోకి చొచ్చుకువచ్చింది. సీమ రైతుకు నీరు కావాలి, పిట్టకు పొద కావాలి. రెండిట్లో ఏది ముఖ్యమని అడిగితే కరువు చూసినవాడు ఏం చెబుతాడో అందరికీ తెలిసిందే. అయితే ఈ రెండింటి మధ్య పోటీ పెట్టనవసరం లేకపోయింది. పరిశీలకులు అభ్యంతరం తెలిపిన మీదట కాలువ దారిని మార్చారు. నీరూ పారింది.

పిట్ట మాత్రం తర్వాతి ఏళ్ళలో మళ్ళీ కంటికి దూరమైంది. మెత్తని మన్ను పరిచి అడుగుజాడల కోసం వెతికారు, రాత్రుళ్ళు కూత కోసం చెవి ఒగ్గారు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ అడవుల్లో కొందరు పక్షి పరిశీలకులకు చీకట్లో ఆ కూత మళ్ళీ వినిపించింది. వారి ఆ ఏటి జాబితాలో కలివికోడి పేరు చేరింది.