గణిత తపస్వి రామానుజన్

ధర్మవరం పట్టుచీరలకు, పెనుకొండ విజయనగర రాజుల కోటకు, హిందూపురం బెల్లం వ్యాపారానికి పేరు పొందాయి. నాడు ఈ మూడింటితోపాటు అనంతపురం జిల్లాలోనే ఉన్న గుత్తి, భారతీయ గణిత చరిత్రలో చోటు సంపాదించుకున్నది. (2022లో మొదటి మూడు పట్టణాలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి.) గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1907 ఏప్రిల్‌లో ఇరవైమంది సభ్యులతో ఒక గణిత సంఘాన్ని స్థాపించారు. విడివిడిగా కొనలేని విదేశీ గణిత గ్రంథాలను, పత్రికలను కలిసి తెప్పించుకొని చదువుకోవటం వారి ఆశయం. ఆ సంఘమే క్రమంగా ఇండియన్ మేథమేటికల్ సొసైటీగా ఎదిగింది. శ్రీనివాస రామానుజన్ తొలి పరిశోధన వ్యాసం వెలుగు చూసింది ఆ సొసైటీ పత్రికలోనే.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించి, కుంభకోణంలో పెరిగారు. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా. 1904లో రామానుజన్ ఉపకార వేతనంతో ఎఫ్.ఏ.లో చేరారు. నేటి ఇంటర్మీడియట్ వంటిదే నాటి ఎఫ్.ఏ. గణితంలో మునిగిపోయి తక్కిన పాఠ్యాంశాలను ఉపేక్షించటంతో ఉపకార వేతనం పోయింది. ఆ బాధతో 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్టణం వెళ్ళిపోయారు. తరువాత మద్రాసులో చదివినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. 1907లో మరల తప్పారు. గుత్తిలో గణిత సంఘం వెలసిన సంవత్సరమూ అదే.

1910లో ఆయన గుమాస్తా ఉద్యోగం కోరి, అప్పటికి తిరుక్కోయిలూరుకు మారిన రామస్వామి అయ్యర్‌ను ఆశ్రయించారు. నోటుపుస్తకాలు చూసిన అయ్యర్, ఇంతటి ప్రతిభను రెవెన్యూ కచేరీలో అణచివేయటానికి మనసొప్పక, పరిచయ లేఖలిచ్చి మద్రాసు పంపారు. నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. 1911లో సొసైటీ పత్రికలో రామానుజన్ తొలి వ్యాసం వెలువడింది. మరుసటి ఏడు మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు.

1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జిలోని హార్డీకి తన ఫలితాలను వ్రాసి పంపారు. ఒకటి, తనతో తప్ప వేరే సంఖ్యతో నిశ్శేషంగా భాగింపబడని 2, 3, 5, 7 వంటివే ప్రధాన సంఖ్యలు. ఒక సంఖ్యలోపు అవి ఎన్ని ఉంటాయో దాదాపు తప్పులేకుండా చెప్పగల సూత్రం తనవద్ద ఉన్నదని రామానుజన్ నమ్మారు. ఆ నమ్మకం నిలువలేదు. జీటా ప్రమేయపు సంకీర్ణ శూన్యాలను ఆయన లెక్కలోనికి తీసుకొనలేదు. తక్కిన ఎన్నో ఫలితాలకు ఆశ్చర్యపడిన హార్డీ, ఈ లోపాన్ని మాత్రం దాచక తెలియజేశారు. 1914లో ఇంగ్లండు చేరిన రామానుజన్ నిరుత్సాహపడక, నిరూపణ పద్ధతులను అభ్యసించారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

1919లో, తీవ్రమైన అనారోగ్యంతో స్వదేశానికి మరలివచ్చిన సంవత్సరంలో, అదే సొసైటీ పత్రికలో ప్రధాన సంఖ్యలపై ఆయన చిన్న వ్యాసం వెలువడింది. ఒకటికంటె పెద్దదైన ఏ సంఖ్యకైనా, దాని రెట్టింపుకు నడుమ ఒక ప్రధాన సంఖ్య తప్పక ఉంటుందని 1845లో బెర్ట్రాండ్ ఊహించగా చెబిషేవ్ నిరూపించారు. రామానుజన్ రెండు పుటలలో సులభమైన నిరూపణ ఇచ్చి, మరొక మెట్టు ఎక్కారు. 11 మొదలుకొని ఏ సంఖ్యను తీసుకున్నా, దాని సగాన్ని దాటి ఆ సంఖ్య వరకు కనీసం రెండు ప్రధాన సంఖ్యలు ఉంటాయి. 17 నుండి మూడు, 29 నుండి నాలుగు, 41 నుండి అయిదు ఉంటాయి. 2, 11, 17, 29, 41తో మొదలయ్యే ఈ శ్రేణికి 2005లో జొనాథన్ సోండో రామానుజన్ ప్రధాన సంఖ్యలని పేరు పెట్టారు.

ఈ అయిదింటిలో 2 తప్ప తక్కినవాటికి రెండేసి దూరంలో 13, 19, 31, 43 అనే కవలలు ఉండటం ముచ్చటైన విషయం. ఇటువంటి కవల ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా అన్న ప్రశ్నకు నేటికీ నిరూపణ లేదు.

1920 ఏప్రిల్ 26న, ముప్పై రెండేళ్ళ వయస్సులో, రామానుజన్ మద్రాసులో కన్నుమూశారు. ప్రధాన సంఖ్యల విషయంలో ఒకనాడు పొరపడిన ఆయనే, జీవితపు చివరి దశలో వాటిపై తిరుగులేని నిరూపణ అందించారు. పరీక్షలో తప్పిన యువకుని నోటుపుస్తకాలను శ్రద్ధగా చూసిన ఒక అధికారి సహృదయత కూడా ఆ విజయంలో భాగమే.