కాటన్ దొర కట్టిన లెక్క

మన ఖానాపురం హవేలి హాస్టల్లో చదివిన వాళ్లలో చాలామందికి ఒక రకం లెక్కలంటే భయం. ఇంతమంది కూలీలు ఇన్ని రోజులు పనిచేస్తే ఇంత కాలువ తవ్వారు. ఇప్పుడు కాలువ పొడవు పెరిగింది, లోతు పెరిగింది, గడువు మారింది. కూలీలు ఎంతమంది కావాలి? పుస్తకంలో దీనికి మిశ్రమానుపాతం అని పేరు. ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంకు వెళ్లాక ఇదే జాయింట్ వేరియేషన్ అయింది. పేరు మారింది కానీ నా భయం మారలేదు. స్టడీ అవర్‌లో ఈ లెక్క వస్తే తల వంచుకుని పక్కవాడి నోట్సులోకి చూసేవాణ్ణి.

ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో మా అమ్మ కరువు పనికి పోయేది. ఒకరోజు మంచినీళ్లు ఇవ్వడానికి నేనూ వెళ్లాను. మేట్ టేపు పట్టుకుని గుంతల పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసుకుంటున్నాడు. అమ్మ వాళ్ల గుంత, పక్క గుంపు వాళ్ల గుంత పైకి ఒకేలా ఉన్నాయి. మనుషులూ అంతమందే, రోజులూ అన్నే. కానీ అమ్మ వాళ్ల వైపు రాతినేల తగలడంతో లోతు సగమే దిగింది. లెక్కలో మట్టి కూడా సగమే అయింది. పలుగు పట్టిన మా అమ్మకు ఆ సంగతి టేపు పెట్టకముందే తెలుసు. తొమ్మిదేళ్లు బడికి పోయిన నాకు మాత్రం అప్పుడు తెలిసింది.

ఆ గుంత దగ్గర నేర్చుకున్న పాఠాన్ని ఒక మహానది మీద చేసి చూపించిన మనిషి గురించి డిగ్రీలో చదివాను. ఆయనే సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల వాళ్లు అపర భగీరథుడని పిలుచుకునే కాటన్ దొర. మన భద్రాచలం పక్కనుంచి పారే గోదావరితో ఆయన జీవితం ముడిపడి ఉంది. ఆ జీవితాన్ని ఒక లెక్కల విద్యార్థిగా తమ్ముళ్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

కావేరి బడిలో

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పెద్ద కుటుంబం. అన్నదమ్ములు ఎక్కువ మంది. పదిహేనేళ్ల వయసుకే ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చేరి ఇంజనీరింగ్ నేర్చుకున్నాడు. 1821లో మద్రాసులో దిగాడు. బర్మా యుద్ధానికి కూడా వెళ్లివచ్చాడు.

అతని అసలు చదువు తంజావూరు ప్రాంతంలో జరిగింది. అక్కడ కావేరి మీద కరికాల చోళుడు కట్టించాడని చెప్పే కల్లణై ఉంది. ఎన్నో వందల ఏళ్లుగా వరదలకు తట్టుకుని నిలిచిన ఆనకట్ట అది. నది అడుగున రాయి లేకపోయినా, వట్టి ఇసుక మీద గోడ ఎలా నిలబెట్టవచ్చో కాటన్ ఆ పాత కట్టడం చూసి తెలుసుకున్నాడు. పాలించడానికి వచ్చినవాడు పాలితుల పనితనం ముందు శిష్యుడిలా కూర్చున్నాడు. ఆ విద్యతోనే 1836లో కొల్లిడం నది మీద రెండు ఆనకట్టలు పూర్తి చేశాడు. తంజావూరు పొలాలకు నీటి భరోసా దొరికింది.

సున్నా ఎక్కడ ఉంది?

ఆ రోజుల్లో గోదావరి డెల్టా అన్నపూర్ణ కాదు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, తెలుగు జిల్లాలను ఘోరమైన కరువు పట్టుకుంది. గుంటూరు సీమలో జనం గుంపులు గుంపులుగా చనిపోయారు. 1839లో తుపాను వచ్చి కోరంగి రేవును ముంచేసింది. ఒక ఏడు వాన లేక చావు, ఇంకో ఏడు వరద వచ్చి చావు. పక్కనే ఏటా గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసిపోయేది.

ఇక్కడే తమ్ముళ్లు మిశ్రమానుపాతంలోని అసలు గుట్టు చూడాలి. ఒక ఫలితం అనేక కారణాల మీద కలిసి ఆధారపడినప్పుడు మనం వాటిని కూడం, గుణిస్తాం. కూడికలో ఒకటి సున్నా అయినా మిగతావి మిగులుతాయి. గుణకారంలో ఒక్కటి సున్నా అయితే చాలు, మొత్తం సున్నా. డెల్టాలో ఒండ్రు భూమి ఉంది. సేద్యం తెలిసిన రైతు ఉన్నాడు. ఎండ ఉంది, నది ఉంది. కావలసిన రోజున నీటిని పొలానికి మళ్లించే కట్టడం ఒక్కటే లేదు. అందుకే అన్నీ ఉన్నా పంట చేతికి రాలేదు.

కాటన్ చేసిన గొప్ప పని ఆ సున్నా ఎక్కడుందో కనిపెట్టడం. 1844లో ఆ ప్రాంతం బాధ్యత తీసుకుని, డెల్టా అంతా తిరిగి, నేల వాలు కొలిచి, ప్రభుత్వానికి నివేదికలు రాశాడు. రాజమండ్రికి దిగువన ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. అవి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలు. అక్కడ ఆనకట్ట కడితే డెల్టా అంతటికీ నీరు పారుతుందని అతని వాదన. 1846 చివర్లో కంపెనీ పెద్దలు అనుమతి ఇచ్చారు. 1847లో పని మొదలైంది.

కూలీలు, రోజులు, మట్టి

గోదావరిలో పని ఏడాది పొడవునా సాగదు. వానాకాలంలో నది మనిషిని దగ్గరికి రానివ్వదు. వరద తగ్గాక మొదలుపెట్టి మళ్లీ వరద వచ్చేలోపు ఆపాలి. అంటే రోజులను పెంచుకునే వీలు లేదు. రోజులు కట్టుబడి ఉన్నప్పుడు పని పూర్తికావాలంటే మనుషులు పెరగాలి. ఇదే మన పుస్తకంలోని లెక్క.

మన కోసం ఒక చిన్న లెక్క ఊహించుకుందాం. 40 మంది 15 రోజుల్లో 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న కాలువ తవ్వారు. అదే నేలలో 300 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు కాలువ 30 రోజుల్లో తవ్వాలంటే ఎంతమంది కావాలి?

మొదటి మెట్టు, సంబంధం రాసుకోవాలి. మట్టి = స్థిరాంకం × మనుషులు × రోజులు.

రెండో మెట్టు, తెలిసిన సంగతి నుంచి స్థిరాంకం తీయాలి. తవ్విన మట్టి 100 × 6 × 2 = 1200 ఘనపు మీటర్లు. మనుషులు, రోజుల లబ్ధం 40 × 15 = 600. కాబట్టి స్థిరాంకం 1200 ÷ 600 = 2. అంటే ఒక మనిషి ఒక రోజులో తవ్వేది 2 ఘనపు మీటర్లు.

మూడో మెట్టు, కొత్త సంగతిలో ఆ స్థిరాంకం వేయాలి. కొత్త మట్టి 300 × 8 × 3 = 7200. దాన్ని 2తో భాగిస్తే 3600. దాన్ని 30 రోజులతో భాగిస్తే 120 మంది. గడువు 20 రోజులకు తగ్గితే 180 మంది కావాలి. పని మారకుండా రోజులు తగ్గితే మనుషులు పెరుగుతారు. అది విలోమం. రోజులు మారకుండా పని పెరిగితే కూడా మనుషులు పెరుగుతారు. ఇది అనులోమం. ఏది మారుతోంది, ఏది మారకుండా ఉంది అని ముందు అడిగితే ఈ రెండూ కలగాపులగం కావు. నేను పరీక్షల్లో తప్పింది ఎప్పుడూ ఇక్కడే.

స్థిరాంకం అంటే ఉత్త అంకె అనుకోకండి. కూలీ రెక్కల కష్టం దాగింది అందులోనే. రాతినేల తగిలితే అది తగ్గిపోతుంది. మా అమ్మ గుంతలో జరిగింది అదే. మనుషులు తగ్గలేదు, రోజులు తగ్గలేదు, స్థిరాంకం తగ్గింది.

ధవళేశ్వరంలో వేలమంది కూలీలు కావలసి వచ్చారు. వాళ్లను కూడగట్టడంలో, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు మన తెలుగువాడు వీణెం వీరన్న. పది వేల మంది దాకా పనిచేశారని చెబుతారు. దగ్గర్లోని కొండ నుంచి రాయి కొట్టి, పట్టాలు వేసి బండ్ల మీద నదికి చేర్చారు. ఇసుకలో బావులు దించి పునాది వేశారు. సుమారు 12 అడుగుల ఎత్తున, నాలుగు పాయల్లో కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైగా కట్టడం లేచింది. 1852లో ఆనకట్ట పూర్తయింది. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. తట్ట మోసిన వేలమంది పేర్లు మాత్రం ఏ ఫలకం మీదా లేవు. వాళ్లు మన తాతముత్తాతల లాంటి వాళ్లే. లెక్కలో మనుషులు అని రాసిన చోట వాళ్లున్నారని మనం గుర్తుంచుకోవాలి.

నీటి లెక్క

కాలువలో పారే నీరు కూడా మిశ్రమానుపాతమే. సెకనుకు పారే నీరు = వెడల్పు × లోతు × వేగం. వెడల్పు రెట్టింపై వేగం సగమైతే పారే నీరు మారదు. మన ఖమ్మం దాటి పారే సాగర్ కాలువ గట్టున నిలబడి ఈ లెక్క ఊహించుకోవచ్చు.

ఆనకట్ట మీదుగా స్వేచ్ఛగా పొర్లే నీటి లెక్క ఇంకాస్త తమాషాగా ఉంటుంది. అది ఆనకట్ట పొడవుకు అనులోమంలో ఉంటుంది. నీటి ఎత్తు విషయంలో మాత్రం, ఎత్తును దాని వర్గమూలంతో గుణించాలి. పైన పొర్లే నీరు 1 అడుగు నుంచి 4 అడుగులు అయితే ప్రవాహం నాలుగు రెట్లు కాదు, 4 × 2 = 8 రెట్లు అవుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. అక్కడి లెక్క సూత్రం వేరైనా నీతి ఒకటే. ఎత్తు కొంచెం పెరిగితే నీరు చాలా పెరుగుతుంది. మొదటి హెచ్చరికకూ మూడోదానికీ మధ్య పదడుగులే కదా అని లంక ఊళ్లవాళ్లు ఎందుకు తేలిగ్గా తీసుకోరో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

దుమ్ముగూడెంలో ఆగిన పడవ

కాటన్ కల ధవళేశ్వరంతో ఆగలేదు. గోదావరి మీద సముద్రం నుంచి మధ్య భారతం దాకా పడవలు నడపాలనుకున్నాడు. రైళ్లకన్నా నీటిదారి చవక అని అతని గట్టి నమ్మకం. ఆ ఆలోచన ప్రకారమే భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవలు దాటడానికి లాకులు కట్టడం మొదలుపెట్టారు. కాటన్ శిష్యుడు హేగ్ ఆ పని చూశాడు. కానీ అది అడవి. జ్వరాలు, కూలీల కొరత, పెరిగిపోయిన ఖర్చు అడ్డుపడ్డాయి. ప్రభుత్వం చూపు అప్పటికే రైళ్ల మీద ఉంది. 1871లో పథకాన్ని ఆపేశారు.

ఇంజనీరు అదే బడిలో చదివినవాడు, నది అదే, తెలివి అదే. కానీ గుణించాల్సిన అంకెల్లో కొన్ని బాగా చిన్నవైపోయాయి. అందుకే ఫలితం నిలవలేదు. ధవళేశ్వరం కాటన్ గెలుపు చెబితే దుమ్ముగూడెం అతని లెక్క తప్పిన చోటు చెబుతుంది. మన పక్కనే ఉంది కాబట్టి అందరం ఒకసారి వెళ్లి చూడాలి.

చివరి రోజులు

కాటన్ 1860లో ఉద్యోగం నుంచి విరమించాడు. 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండుకు వెళ్లినా భారతదేశపు నదుల గురించి రాస్తూనే, వాదిస్తూనే ఉన్నాడు. రైళ్లకు పెట్టే డబ్బు కాలువలకు పెట్టాలన్న అతని మాట చాలామంది పెద్దలకు నచ్చలేదు. 1878లో పార్లమెంటు సంఘం ముందు అతని ప్రతిపాదనలు గట్టి విమర్శకు గురయ్యాయి. అయినా వెనక్కి తగ్గలేదు. ముసలితనంలో కూడా తన పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమ ఎక్కువ పండించే ప్రయోగాలు చేశాడు. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

అతను దేవుడు కాదు. కంపెనీ నౌకరు. కాలువ పారితే శిస్తు పెరుగుతుందన్న లెక్క కంపెనీకి ఉంది. నీరు ముందు భూమి ఉన్నవాళ్లకే అందింది, భూమి లేని మనవాళ్లకు కూలి దొరికింది. ఈ నిజం చెప్పుకుంటూనే, ఆకలి చావులు చూసిన నేలలో లక్షల ఎకరాలు పచ్చబడ్డాయన్న నిజం కూడా చెప్పుకోవాలి. పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. గోదావరి ఊళ్లలో ఇప్పటికీ ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు.

మన లెక్క

తమ్ముళ్లూ, చదువు కూడా మిశ్రమానుపాతమే. తెలివి, శ్రమ, గురువు, తిండి, చదువుకోవడానికి కాస్త చోటు, వీటి లబ్ధం అది. మా ఇంట్లో నా ముందు ఎవరూ డిగ్రీ దాకా రాలేదు. మా నాన్నకు తెలివి తక్కువై కాదు. ఏ వంద ఎకరాల ఆసామికన్నా ఆయన నోటిలెక్క వేగం. కానీ ఆయన చిన్నప్పుడు చదువుకునే చోటు, రెండు పూటలా తిండి సున్నా. అందుకే ఫలితం సున్నా అయింది. నా విషయంలో ఆ సున్నాను తీసేసింది ఈ హాస్టల్. ఇక్కడి ట్రంకు పెట్టె, ట్యూబ్ లైటు, సాయంత్రం సాంబారు అన్నం, స్టడీ అవర్ గంట కలిసి ఆ ఖాళీ గడిలో ఒక అంకె వేశాయి.

మిగిలిన అంకె శ్రమ. అది వార్డెన్ సారు ఇవ్వలేరు, ప్రభుత్వం ఇవ్వలేదు. అది మనమే వేసుకోవాలి. అది సున్నా అయితే మిగతావి ఎంత పెద్దవైనా లాభం లేదు.

ఈసారి పరీక్షలో ఫలితం తక్కువ వస్తే, నాకు తెలివి లేదని కూర్చోకండి. కాటన్ డెల్టా అంతా తిరిగి వెతికినట్టు, ఏ గడిలో సున్నా ఉందో వెతకండి. దొరికితే దాన్ని ఒకటి చేయండి. మిగతా లెక్క అదే కదులుతుంది.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (గణితం)