వాయించడం రాని గిటారు మేస్త్రి లియో ఫెండర్



మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అని రాస్తున్నాం కదా. ఇప్పటిదాకా గాంధీ గారు, అల్లూరి సీతారామరాజు గారు, అబ్దుల్ కలాం గారు వచ్చారు. నేను ఈసారి మనలో చాలామంది పేరు వినని ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన చాలా దేశాల్లో ప్రసిద్ధుడు. పేరు లియో ఫెండర్.

నాకు ఈయన గురించి ఎలా తెలిసిందంటే, క్రిస్మస్‌కి మా ఊరి ప్రార్థన మందిరానికి ఒక అన్న గిటారు తెచ్చాడు. దానికి మధ్యలో రంధ్రం లేదు. లోపల బోలు కూడా లేదు, ఉత్త చెక్క. తీగ మీటితే దోమ పాడినట్టు వినపడింది. వైరు కలిపాక మాత్రం మందిరం రేకులు అదిరిపోయాయి. ఆ శబ్దం ఎక్కడనుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. సెలవులయ్యాక సైన్సు సారును అడుగుదాం అనుకున్నాను. కానీ సిగ్గు. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. అడిగితే నవ్వుతారని, అర్థం కాకపోయినా తల ఊపి కూర్చోవడం నాకు అలవాటు. నెల రోజుల తర్వాత ధైర్యం చేసి అడిగాను. సారు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

బాల్యం

లియో ఫెండర్ గారు 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టారు. పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడస్ ఫెండర్. తల్లిదండ్రులు నారింజ తోట రైతులు. ఆయన పుట్టేనాటికి వాళ్లకి సొంత ఇల్లు కట్టడం కాలేదు. అందుకని తోటలోని కొట్టంలోనే పుట్టారు.

ఎనిమిదేళ్లప్పుడు కంటిలో గడ్డ వచ్చి ఎడమ కన్ను తీసేశారు. దాని స్థానంలో గాజు కన్ను పెట్టారు. ఇక జీవితమంతా ఒక కంటితోనే చూశారు. వెంట్రుకంత సన్నటి తీగలతో పనిచేసిన మనిషికి ఒకటే కన్ను అని మనం గుర్తుపెట్టుకోవాలి.

పదమూడు పద్నాలుగేళ్లప్పుడు, అంటే మన వయసులో, వాళ్ల మామయ్య ఒక పెట్టె పంపాడు. మామయ్యకు మోటారు బళ్ల కరెంటు సామాన్ల షాపు ఉంది. ఆ పెట్టెలో పారేసిన రేడియో ముక్కలు, ఒక బ్యాటరీ ఉన్నాయి. తర్వాతి ఏడు లియో ఆ షాపు చూడ్డానికి వెళ్తే అక్కడ మామయ్య చేసిన రేడియో బయట పెద్దగా మోగుతోంది. ఆ మోత ఆయన మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి తోటివాళ్ల రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టారు.

చదువు, ఉద్యోగం

కాలేజీలో ఆయన చదివింది లెక్కల పద్దులు రాసే చదువు. కరెంటు పని గురించి ఏ కాలేజీలోనూ చదవలేదు. అంతా సొంతంగా నేర్చుకున్నదే. 1930ల్లో అమెరికాలో పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చింది. పద్దులు రాసే ఉద్యోగం పోయింది. ఇంకోచోట చేరితే అదీ పోయింది. అప్పుడు 600 డాలర్లు అప్పు తెచ్చి 1938లో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియో రిపేరు షాపు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో కన్ను లేదని ఆయన్ను సైన్యంలోకి తీసుకోలేదు. అందుకని షాపు మూతపడలేదు.

ఆ షాపుకి పాటగాళ్లు, బాజాలవాళ్లు వచ్చేవారు. మైకు సెట్లు, గిటార్లు బాగుచేయమని ఇచ్చేవారు. వాళ్లందరిదీ ఒకటే బాధ. మా ఊళ్లో పండక్కి తుడుము, డప్పులు మోగుతుంటే పక్కన పాడే అవ్వ గొంతు వినపడదు. అలాగే పెద్ద మేళంలో డ్రమ్ముల మధ్య గిటారు వినపడేది కాదు. గిటారుకి మైకు పెడితే బోలు డొక్క అదిరి కూత పెట్టేది.

పికప్ అంటే ఏమిటి?

గిటారు తీగల కింద ఉండే చిన్న పెట్టెలాంటి దాన్ని పికప్ అంటారు. అందులో ఉండేవి రెండే ముఖ్యమైనవి: అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. 1831లో మైకేల్ ఫారడే గారు తీగ చుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని కనిపెట్టారు. పికప్‌లో అయస్కాంతం కదలదు. పైన ఉక్కు తీగ కదులుతుంది. ఉక్కు అయస్కాంతం దగ్గర ఉంటే తానూ అయస్కాంతంలా అవుతుంది కదా. అది ఊగితే చుట్టలో కొంచెం కరెంటు పుడుతుంది. తీగ ఎలా ఊగితే కరెంటు అలాగే ఊగుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరుకి ఇస్తుంది. నైలాన్ తీగలు వేస్తే ఈ పికప్‌కి ఏమీ వినపడదు. అది గాలిలో శబ్దాన్ని వినదు, ఉక్కు కదలికనే పట్టుకుంటుంది.

ఇలాంటి పికప్‌తో గిటారును లియో గారి కన్నా ముందే, 1931లో జార్జి బీచమ్ అనే ఆయన చేశారు. అది వేపుడు పెనంలా ఉండేది. లియో గారు మొదటివారు కాదు. అందరికీ అందేట్టు, పాడైతే బాగయ్యేట్టు చేసినవారు.

మా ప్రయోగం

సారు మాకు ల్యాబులో చూపించారు. తీగ చుట్టలోకి అయస్కాంతం తోస్తే గాల్వనోమీటరు ముల్లు కదిలింది. తర్వాత పాడైపోయిన స్పీకరు అయస్కాంతం మీద సన్నటి రాగి తీగ చుట్టాం. మోటారు కాలిపోతే వైండింగ్‌కి వాడతారే, ఆ తీగ. చుట్టడానికి నేను, మా బెంచీ వాళ్లు రెండు సాయంత్రాలు కూర్చున్నాం. నాలుగుసార్లు తెగింది. పైన చెక్కకి ఉక్కు తీగ బిగించి మీటాం. ముల్లు కదల్లేదు. అందరూ నవ్వారు. నేను మామూలుగా అయితే తల ఊపి ఊరుకునేదాన్ని. ఈసారి ఎందుకు కదల్లేదని అడిగాను. గిటారులో లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు, సన్న తీగ సుమారు 330 సార్లు ఊగుతుందని, ముల్లు అంత త్వరగా అటూ ఇటూ తిరగలేదని సారు చెప్పారు. అది మంచి ప్రశ్న అని కూడా అన్నారు. తర్వాత దాన్ని ప్రార్థన మైకు సెట్టుకి కలిపాం. ముందు గుయ్‌మని రొద వచ్చింది. ఆ రొదలోంచి టంగ్ మని మా తీగ పలికింది.

లియో గారి పికప్‌లు

లియో గారు స్నేహితుడు డాక్ కాఫ్‌మన్‌తో కలిసి 1943లో ఒక మోటు చెక్కకి పికప్ బిగించి చూశారు. అది పికప్ పరీక్ష కోసమే చేసింది. చూడ్డానికి అందంగా లేదు. అయినా ఆ ఊరి వాయిద్యకారులు అద్దెకు అడిగి తీసుకుపోయేవారు. చెక్క గట్టిగా ఉంటే కూత పెట్టదని, శబ్దం స్పష్టంగా వస్తుందని అప్పుడు తెలిసింది. 1944లో ఆ పికప్‌కి పేటెంటు అడిగారు. 1948లో వచ్చింది. ఈలోగా వ్యాపారంలో నష్టం వస్తుందని భయపడి కాఫ్‌మన్ గారు తప్పుకున్నారు. లియో గారు 1946లో సొంత కంపెనీ పెట్టారు.

1950లో గట్టి చెక్క గిటారు అమ్మకానికి తెచ్చారు. దానికి పెట్టిన ఒక పేరు ఇంకో కంపెనీ డ్రమ్ములకు ఉందని తెలిసి పేరు తీసేశారు. 1951లో టెలికాస్టర్ అని పెట్టారు. దాని మెడను అతికించకుండా 4 మరలతో బిగించారు. గొడ్డలి కామ విరిగితే మనం కామ మార్చుకుంటాం గానీ గొడ్డలి పారేయం. అదే పద్ధతి. అదే ఏడు ప్రెసిషన్ బాస్ అనే గిటారు చేశారు. అంతకుముందు బాస్ వాద్యం మనిషంత ఎత్తు ఉండేది, మోయలేక చచ్చేవారు. 1954లో 3 పికప్‌లున్న స్ట్రాటోకాస్టర్ వచ్చింది.

ఇక్కడ ఆశ్చర్యం ఏమిటంటే, లియో గారికి గిటారు వాయించడం రాదు. శ్రుతి చేయడం కూడా రాదు. మరి ఎలా చేశారు? అడిగారు. వాయించేవాళ్ల చేతికిచ్చి, ఎక్కడ బాగాలేదో అడిగి, మళ్లీ మార్చేవారు. పలక అంచు పక్కటెముకలకు గుచ్చుకుంటోందని బిల్ కార్సన్ వంటి వాయిద్యకారులు చెబితే స్ట్రాటోకాస్టర్ చెక్కను ఒంటికి ఒదిగేట్టు చెక్కించారు.

స్ట్రాటోకాస్టర్ పికప్‌లో 6 తీగల కింద 6 అయస్కాంతపు కడ్డీలు ఉంటాయి. వాటి చుట్టూ తల వెంట్రుకంత సన్నటి రాగి తీగ సుమారు 8 వేల చుట్లు. మేము చుట్టింది కొన్ని వందలే, అయినా వేళ్లు నొప్పి పుట్టాయి. తక్కువ చుడితే శబ్దం తక్కువ. ఎక్కువ చుడితే శబ్దం పెరుగుతుంది గానీ సన్నటి స్వరాల మెరుపు తగ్గిపోతుంది. చుట్టాక మైనంలో ముంచుతారు, లోపలి తీగ అదిరి కూయకుండా.

ఆయన ఫ్యాక్టరీలో ఈ చుట్టే పని ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. అందులో అబిగైల్ ఇబర్రా అనే ఆవిడ 1956లో చేరి 2013లో పదవీ విరమణ చేశారు. ఆవిడ చేత్తో చుట్టిన పికప్‌ల కోసం వాయిద్యకారులు వెతుక్కుంటారు. గిటారు మీద పేరు ఫెండర్‌ది. లోపల పని ఇలాంటి వాళ్లది. అందుకే ఆవిడ పేరు కూడా రాశాను.

ఒక లోపం

లియో గారి పికప్‌లలో ఒక లోపం ఉంది. మా ప్రయోగంలో వచ్చిన గుయ్‌మనే రొదే అది. గోడలోని కరెంటు వైర్ల నుంచి, ట్యూబులైట్ల నుంచి వచ్చే రొదను కూడా చుట్ట పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఆయన రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని ఎదురు తిప్పి కలిపారు. రెండింటి రొద ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. పాట మిగులుతుంది. లియో గారు కూడా 1957లో బాస్ గిటారుకి పికప్‌ను రెండు ముక్కలు చేసి రొద పోగొట్టారు. స్ట్రాటోకాస్టర్‌కి మాత్రం ఒక్కో చుట్టే ఉంచారు. రొద ఉన్నా ఆ స్పష్టమైన శబ్దం కావాలని వాయిద్యకారులు దాన్నే కోరుకున్నారు. 1969లో జిమీ హెండ్రిక్స్ వుడ్‌స్టాక్ సభలో వాయించింది స్ట్రాటోకాస్టరే.

చివరి రోజులు

1950ల మధ్యలో లియో గారికి ముక్కు లోపల రోగం పట్టుకుని ఏళ్ల తరబడి తగ్గలేదు. ఇక బతకననుకుని 1965లో కంపెనీని 1 కోటి 30 లక్షల డాలర్లకు సి.బి.ఎస్.కి అమ్మేశారు. ఆ తర్వాత వేరే డాక్టరు మందిస్తే రోగం నయమైపోయింది! అంత డబ్బుంటే మనమైతే పడుకుంటాం. ఆయన మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నారు. మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీలో పనిచేశారు. 70 ఏళ్లు దాటాక 1980లో జి అండ్ ఎల్ అనే కంపెనీ పెట్టి మళ్లీ కొత్తరకం పికప్ చేశారు. చివర్లో పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికేవి. 1991 మార్చి 21న చనిపోయారు. అంతకుముందు రోజు కూడా పనికి వెళ్లారు. 1992లో ఆయన పేరు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

మన తెలుగువాళ్లలోనూ పికప్ వల్ల పేరు వచ్చినవారు ఉన్నారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. మామూలు మాండొలిన్ స్వరం టక్కున ఆగిపోతుంది. పికప్ ఉంటే స్వరం నిలబడుతుంది, గమకాలు పలుకుతాయి. ఆయన 2014లో చనిపోయారు.

నేను నేర్చుకున్నది

రానివాళ్లు ఆ పని జోలికి వెళ్లకూడదని నేను అనుకునేదాన్ని. లియో గారికి వాయించడం రాదు. రాదని దాచుకోలేదు. వచ్చినవాళ్లను అడిగారు, చెప్పింది విన్నారు, మళ్లీ చేశారు. నాకు ఇప్పటికీ చేయి ఎత్తాలంటే గుండె దడగానే ఉంటుంది. అయినా ఎత్తుతున్నాను. ఈ నెలలో మూడుసార్లు ఎత్తాను. రెండుసార్లు నవ్వారు. పరవాలేదు, జవాబు మాత్రం మూడుసార్లూ దొరికింది.

మేము చుట్టిన పికప్ ల్యాబు బీరువాలో కింది అరలో ఉంది. చూడాలనుకున్న చెల్లెళ్లు సారును అడగండి. తీగ లాగకండి, మళ్లీ తెగుతుంది.

ఇట్లు
మీ స్నేహితురాలు,
తొమ్మిదో తరగతి