పెరుగులో ఆయుష్షు వెతికిన మెచ్నికాఫ్

సైటులో మధ్యాహ్నం భోజనానికి వదలగానే మా కుర్రాళ్లు ముందు వెతుక్కునేది లబన్ బాటిల్‌నే. పొద్దుట్నుంచి ఎండలో షట్టరింగ్ కొట్టినవాడికి అంతకన్నా హాయి ఏముంటుంది? ఆ పులిసిన పాల వెనుక ఒక పెద్ద శాస్త్రవేత్త జీవితం ఉందని నాకు ఈ మధ్యే తెలిసింది. తెలుసుకోవాల్సిన అవసరం ఇంటి నుంచి వచ్చింది.

మా బాబుకి ఎనిమిదేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోడు, చెప్పింది చివరిదాకా వినడు. డాక్టరుగారు పరీక్షించి, ఏడీహెచ్‌డీ అన్నారు. అంటే మనసు ఒకచోట నిలవకపోవడం, కాలు నిలవకపోవడం. మందు రాసిచ్చారు. ఇంతలో తెలిసినాయన ఒకరు, ఇదంతా పేగుల్లో బ్యాక్టీరియా వల్లే, ఈ పొడి వాడితే మందులే అక్కర్లేదని మా ఇంటావిడకి చెప్పాడు. డబ్బా ఖరీదు ఇక్కడ నా నాలుగు రోజుల జీతం. డబ్బు పంపమని ఫోను. సెలవు రోజున కూర్చుని ఈ సంగతి మొదలు ఎక్కడా అని వెతికితే ఈలీ మెచ్నికాఫ్ దగ్గర తేలాను.

ఆయన 1845లో ఖార్కివ్ దగ్గర పల్లెటూళ్లో పుట్టారు. అప్పుడది రష్యా సామ్రాజ్యం, ఇప్పుడు ఉక్రెయిన్. చిన్నప్పుడు ఒక్క క్షణం కుదురు లేదు. ఇంట్లో పాదరసం అని పిలిచేవారు. ఏ పురుగునో, సీతాకోకచిలుకనో చూపిస్తే మాత్రం కదలకుండా కూర్చునేవాడు. తన చేతిఖర్చు డబ్బులు తోటి పిల్లలకి ఇచ్చి మరీ తన సైన్సు పాఠాలు వినిపించుకునేవాడు. ఇది చదివి నేను నవ్వుకున్నాను. మా వాడు గుర్తొచ్చాడు. అయితే ఆయనకి ఈ సమస్యే ఉండేదని అనడానికి లేదు. ఆ రోజుల్లో ఆ పేరే లేదు.

ఖార్కివ్ యూనివర్సిటీలో నాలుగేళ్ల చదువు రెండేళ్లలో ముగించారు. చిన్న వయసులోనే ఒడెస్సాలో పాఠాలు చెప్పారు. 1869లో లుద్మిలాను పెళ్లాడారు. ఆమెకు క్షయ. పెళ్లినాడు చర్చిలోకి కుర్చీలో మోసుకెళ్లాల్సి వచ్చింది. నాలుగేళ్లు ఊరూరా తిప్పి వైద్యం చేయించినా 1873లో మదీరా దీవిలో కన్నుమూసింది. ఆ దుఃఖంలో ఆయన ప్రాణం తీసుకోబోయి బయటపడ్డారు. 1875లో ఓల్గాను పెళ్లి చేసుకున్నారు. 1881లో, మళ్లీ నిరాశలో ఉన్నప్పుడు, తిరగబెట్టే జ్వరం ఉన్న రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. అప్పుడూ బతికారు. లేచాక బతుకు మీద ఆశ పుట్టింది. తర్వాత ఆయుష్షు గురించి అంతగా ఆలోచించిన మనిషి ఒకప్పుడు బతకొద్దనుకున్నవాడే!

1882లో సిసిలీలోని మెస్సీనాలో ఉన్నారు. ఒకరోజు ఇంటిల్లిపాదీ సర్కస్‌కి వెళ్లారు. ఆయన మైక్రోస్కోపు ముందు ఒంటరిగా మిగిలారు. అద్దంలా లోపలంతా కనబడే సముద్ర నక్షత్రం పిల్లల్లో ముల్లు గుచ్చితే ఏమవుతుందని ఆలోచన వచ్చింది. పిల్లల క్రిస్మస్ కోసం సిద్ధం చేసిన కమలా చెట్టు ముళ్లు తీసి గుచ్చారు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుగా మూగి ఉన్నాయి. మన ఒంట్లోకి వచ్చిన శత్రువుని మింగేసే కణాలు ఉన్నాయన్న సిద్ధాంతం అలా పుట్టింది. 1888లో పారిస్ వెళితే పాశ్చర్ తన సంస్థలో చోటిచ్చారు. చివరిదాకా అక్కడే పనిచేశారు. 1908లో పాల్ ఎర్లిచ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇక పెరుగు సంగతి. మనిషి ఎందుకు ముసలివాడవుతాడన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. పెద్దపేగులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు విషాలు తయారు చేస్తాయని, అవి రక్తనాళాలని, మెదడుని కూడా పాడు చేస్తాయని వాదించారు. పాలని పులియబెట్టే సూక్ష్మజీవులు వాటిని అణుస్తాయని నమ్మారు. బల్గేరియా రైతులు పులిసిన పాలు తాగి ఎక్కువ కాలం బతుకుతున్నారని చెప్పారు. 1904లో పారిస్‌లో ఆయన ఉపన్యాసం పేపర్లలో రాగానే జనం పెరుగు కోసం ఎగబడ్డారు. ఆయన పేరు ప్రకటనల్లో వాడుకుని వ్యాపారులు మాత్రలు, సీసాలు అమ్మారు.

కొందరు అంతకన్నా ముందుకు పోయారు. పేగులోంచి విషం పుడుతుందన్న నమ్మకంతో లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ రోగుల పెద్దపేగులే కోసి తీసేశాడు. అమెరికాలోని ట్రెంటన్ మానసిక వైద్యశాలలో హెన్రీ కాటన్ అనే డాక్టరు, ఒంట్లో దాగిన ఇన్ఫెక్షన్ వల్లే మతి చెడుతుందని రోగుల పళ్లు పీకించాడు, పేగులు కోయించాడు. చాలామంది చనిపోయారు. మెచ్నికాఫ్ చూపించిన దారి కత్తి కాదు, పులిసిన పాలు. కానీ సగం తెలిసిన సంగతి వేరేవాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో చూడండి.

ఆయన మాత్రం ఏళ్ల తరబడి రోజూ పులిసిన పాలు తాగారు. 1916 జూలై 15న, 71వ ఏట గుండె జబ్బుతో పోయారు. పోయాక తన పేగులని పరీక్షించమని ముందే తోటి డాక్టరుకి అప్పగించారు. చితాభస్మం పాశ్చర్ సంస్థ లైబ్రరీలో ఉంది. ఆ తర్వాతి పరిశోధనల్లో, బల్గేరియా పెరుగు బ్యాక్టీరియా మనిషి పేగుల్లో కాపురం పెట్టదని తేలింది.

మరి ఆయన ఆలోచన తప్పా? పూర్తిగా కాదు. పేగులకీ మెదడుకీ మధ్య కబుర్లు నడుస్తాయని ఇప్పుడు సైన్సు ఒప్పుకుంటోంది. 2015లో ఫిన్లాండ్ పరిశోధకులు 75 మంది పిల్లల లెక్క ప్రచురించారు. పుట్టిన కొత్తలో కొందరికి మంచి బ్యాక్టీరియా ఇచ్చారు, కొందరికి ఉత్త పొడి ఇచ్చారు. 13 ఏళ్లు వచ్చేసరికి బ్యాక్టీరియా ఇచ్చిన 40 మందిలో ఒక్కరికీ ఏడీహెచ్‌డీ గానీ ఆస్పర్జర్స్ గానీ రాలేదు. ఇవ్వని 35 మందిలో ఆరుగురికి వచ్చింది. వినడానికి బాగుంది. కానీ ఒక్క క్యూబ్ టెస్టులో పాసైందని బిల్డింగు మొత్తం పాస్ చేస్తామా? పైగా అది పసిపిల్లలకి ఇచ్చింది, మా వాడికి ఎనిమిదేళ్లు. ఐర్లాండ్‌లో ఇంకో బ్యాక్టీరియా 2011లో ఎలుకల బెదురు తగ్గించింది. 2017లో మనుషులకి ఇచ్చి చూస్తే ఉత్త మాత్రకన్నా మెరుగేం కనబడలేదు. ఏడీహెచ్‌డీలో వంశం పాత్ర చాలా ఎక్కువని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఈ పిల్లల పేగుల్లో తేడా కనిపించినా, అది కారణమో, తిండి తేడా వల్ల వచ్చిందో ఇంకా తేలలేదు.

అందుకే ఇంటికి ఫోన్ చేసి పొడి వద్దన్నాను. డాక్టరు రాసిన మందు ఆపొద్దు, ఏ డబ్బా కొనాలన్నా ముందు ఆయన్నే అడుగు అన్నాను. రాత్రి పెరుగన్నం ఎప్పటిలాగే పెట్టమన్నాను. మందని కాదు, వాడికి ఇష్టమని. దాంతోపాటు ఇంకో పని కూడా అప్పజెప్పాను. వాడు ఏం చూస్తే కదలకుండా కూర్చుంటాడో కనిపెట్టమన్నాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. పెరట్లో చీమల బారు దగ్గర గంటసేపు కూర్చున్నాడట.