మూడేళ్ల చదువు, అరవై ఏళ్ల బలం: ఎలినార్ రూజ్‌వెల్ట్ జీవితం

మన స్వర్ణోత్సవ సంచికలో చాలామంది మిత్రులు తమ గురువుల గురించి రాస్తున్నారు. నేను మాత్రం మన ఊరికి ఎంతో దూరంలో, నూట పాతికేళ్ల కిందట, ఒక ఉపాధ్యాయిని దగ్గర చదువుకుని నిలదొక్కుకున్న ఒక అమ్మాయి గురించి రాద్దామనుకున్నాను. ఆ అమ్మాయి పెద్దయ్యాక అమెరికా అధ్యక్షుడి భార్యగా పన్నెండేళ్లు వైట్ హౌస్‌లో ఉంది. మానవ హక్కుల ప్రకటన తయారు చేసిన సంఘానికి అధ్యక్షురాలయింది. ఆమే ఎలినార్ రూజ్‌వెల్ట్. ఆమె పేరు మనలో చాలామంది విన్నదే. ఆమె చదివిన బడి సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఎలినార్ 1884 అక్టోబర్ 11న న్యూయార్క్‌లో పుట్టింది. డబ్బుకు, పలుకుబడికి లోటు లేని కుటుంబం. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ ఆమెకు సొంత పెదనాన్న. తల్లి ఆనా చాలా అందగత్తె. ఎలినార్‌కు ఆ అందం రాలేదు. ఎప్పుడూ గంభీరంగా, బెరుగ్గా ఉండే ఆ పిల్లను తల్లి నలుగురి ముందే ముసలమ్మ అని పిలిచేది. అప్పుడు ఆ పిల్లకు నేల చీలి తనను మింగేస్తే బాగుండునని అనిపించేదట. తండ్రి ఎలియట్‌కు మాత్రం కూతురంటే ప్రాణం. కానీ ఆయన తాగుడికి బానిస. అందువల్ల ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చింది.

1892 డిసెంబర్‌లో తల్లి డిఫ్తీరియాతో చనిపోయింది. మరుసటి ఏడాది పెద్ద తమ్ముడు పోయాడు. 1894 ఆగస్టులో తండ్రి కూడా వెళ్లిపోయాడు. పదేళ్లు నిండకముందే ఎలినార్‌కు తల్లీ తండ్రీ లేకుండా పోయారు. ఆమె, చిన్న తమ్ముడు హాల్ అమ్మమ్మ ఇంట్లో పెరిగారు. అమ్మమ్మది కట్టుదిట్టమైన పెంపకం. తిండికీ బట్టకూ లోటు లేదు. అయితే ఈ పిల్ల మనసులో ఏముందని అడిగే మనిషి ఆ ఇంట్లో లేదు. తండ్రి రాసిన ఉత్తరాలను ఆమె జీవితాంతం దాచుకుంది.

1899లో, పదిహేనో ఏడు రాబోతుండగా, అమ్మమ్మ ఆమెను ఇంగ్లండుకు పంపింది. లండన్ శివార్లలో ఆలెన్స్‌వుడ్ అనే ఆడపిల్లల బడి ఉండేది. దాని ప్రధానోపాధ్యాయిని మారీ సువెస్ట్రు అనే ఫ్రెంచి మహిళ. వయసు అప్పటికే అరవై దాటింది. బడిలో పిల్లలు ఫ్రెంచిలోనే మాట్లాడాలన్నది నియమం. చిన్నప్పుడు ఫ్రెంచి ఆయా పెంచడం వల్ల ఎలినార్‌కు ఆ భాష బాగా వచ్చు. తక్కిన పిల్లలు తడబడుతుంటే తాను సులువుగా మాట్లాడగలిగింది. ఒక విషయంలో తాను ముందున్నానని ఆమెకు తెలియడం అదే మొదలు.

సువెస్ట్రు గారి పద్ధతి వేరు. పాఠంలో తాను చెప్పిందే తిరిగి అప్పజెప్పినట్టు వ్యాసం రాస్తే ఆవిడ ఆ కాగితాలు చించేసేవారు. ఆవిడకు కావలసింది పిల్ల సొంత ఆలోచన. అందరూ ఒప్పుకున్న మాటనైనా ప్రశ్నించమనేవారు. బలహీనుల పక్షాన మాట్లాడటానికి వెనుకాడని మనిషి ఆవిడ. సెలవుల్లో ఎలినార్‌ను వెంటబెట్టుకుని ఫ్రాన్స్, ఇటలీ తిరిగారు. ఆ ప్రయాణాల్లో రైళ్ల వేళలు చూడటం, టికెట్లు కొనడం, సామాను సర్దడం అన్నీ ఆ పిల్ల బాధ్యతే. ఫ్లోరెన్స్ నగరంలో ఒంటరిగా తిరిగి అన్నీ చూసి రమ్మని పంపారు. ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ పిల్లకు ఇంత నమ్మకం దొరికింది. మూడేళ్లలో ఆమె బడిలో అందరికీ కావలసిన మనిషి అయింది. జీవితంలో అవే అత్యంత సంతోషమైన రోజులని ఆమె తర్వాత చెప్పుకుంది.

నాలుగో ఏడు కూడా ఉండాలని ఆమెకు ఎంతో కోరిక. అమ్మమ్మ ఒప్పుకోలేదు. పద్దెనిమిదేళ్లు వస్తున్నాయి, పెద్దింటి ఆడపిల్ల విందులకూ నాట్యాలకూ వచ్చి పెళ్లి సంబంధాలు చూసుకోవలసిన వయసు అని 1902లో వెనక్కి పిలిపించింది. న్యూయార్క్ వచ్చాక ఎలినార్ విందులకు వెళుతూనే, రివింగ్టన్ వీధిలో వలస కూలీల పిల్లలకు వ్యాయామం, నాట్యం నేర్పడానికి కూడా వెళ్లేది. ఆ పేటకు తనను వెతుక్కుంటూ వచ్చిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఒకరోజు అక్కడి ఇరుకు ఇళ్లను చూపించింది. దూరపు బంధువైన ఆ యువకుడినే 1905 మార్చి 17న పెళ్లి చేసుకుంది. కన్యాదానం చేసింది అధ్యక్షుడైన పెదనాన్న. ఆ రోజు సువెస్ట్రు గారి నుంచి శుభాకాంక్షల తంతి వచ్చింది. మరో రెండు వారాలకే ఆవిడ కన్నుమూశారు.

ఆ తర్వాతి పదేళ్లూ చూస్తే ఆలెన్స్‌వుడ్ చదువు వృథా అయిందేమో అనిపిస్తుంది. అత్తగారు సారా గట్టి మనిషి. కొడుక్కి ఇల్లు కట్టించి, దాని పక్కనే తనకూ ఇల్లు కట్టించుకుంది. రెండు ఇళ్లకూ మధ్య గోడలో తలుపులు పెట్టించింది. ఆవిడ ఎప్పుడు ఏ తలుపులోంచి వస్తుందో తెలియదు. కొత్త ఇంట్లోకి వెళ్లిన కొద్ది రోజులకే ఎలినార్ కూర్చుని ఏడ్చింది. ఎందుకని అడిగిన భర్తకు, ఇది తన ఇల్లులా లేదని చెప్పింది. పదేళ్లలో ఆరు కాన్పులు. అందులో ఒక బాబు నెలల వయసులోనే చనిపోయాడు. పిల్లల పెంపకంలోనూ అత్తగారి మాటే చెల్లింది.

1918లో మరో దెబ్బ తగిలింది. భర్త పెట్టెలో లూసీ మెర్సర్ అనే యువతి రాసిన ఉత్తరాలు దొరికాయి. ఆ యువతి ఒకప్పుడు ఎలినార్ దగ్గరే కార్యదర్శిగా పనిచేసింది. విడాకులకు సిద్ధమని ఎలినార్ చెప్పింది. అత్తగారు ఒప్పుకోలేదు. కాపురం నిలిచింది గానీ మునుపటిలా లేదు. ఇక తన బతుకు తన కాళ్ల మీద నిలవాలని ఆమె నిశ్చయించుకున్నది అప్పుడే.

1921లో ఫ్రాంక్లిన్‌కు పోలియో సోకి కాళ్లు పడిపోయాయి. కొడుకు రాజకీయాలు మానేసి పల్లెలోని ఇంట్లో విశ్రాంతి తీసుకోవాలని తల్లి పట్టుబట్టింది. ఈసారి ఎలినార్ అత్తగారికి ఎదురు నిలిచింది. భర్త తిరగలేని చోట్లకు తాను తిరిగింది. నలుగురి ముందు నోరు విప్పలేని మనిషి సభల్లో ప్రసంగించడం నేర్చుకుంది. 1927లో స్నేహితురాళ్లతో కలిసి న్యూయార్క్‌లోని టాడ్‌హంటర్ బాలికల పాఠశాలను నడపసాగింది. చరిత్ర, సాహిత్యం తానే చెప్పేది. భర్త గవర్నర్ అయ్యాక కూడా ఆల్బనీ నుంచి రైల్లో వచ్చి పాఠాలు చెప్పింది. ధనవంతుల పిల్లలను పేదల ఇళ్లకూ కోర్టులకూ తీసుకెళ్లి చూపించింది. తన గురువు నేర్పిన పద్ధతే అది.

సివిల్ ఇంజినీరుగా నాకు ఇక్కడ క్యూరింగ్ గుర్తొస్తుంది. స్లాబు పోసిన తొలి రోజుల్లో ఓపిగ్గా నీళ్లు పడితే కాంక్రీటులో బలం చేరుతుంది. ఏళ్ల తర్వాత బరువు పడినప్పుడు గానీ ఆ బలం బయటపడదు. ఎలినార్‌కు ఆలెన్స్‌వుడ్ మూడేళ్లు అలాంటివి.

1933 నుంచి వైట్ హౌస్‌లో ఆమె చేసినవి చాలావరకు అంతకుముందు ఏ అధ్యక్షుడి భార్యా చేయనివి. తన విలేకరుల సమావేశాలకు మహిళా విలేకరులనే పిలిచింది. దాంతో పత్రికలకు ఆడవాళ్లను ఉద్యోగంలో ఉంచుకోక తప్పలేదు. 1935లో బొగ్గు గనిలోకి దిగి కార్మికులను చూసింది. ఆ ఏడాది చివర మొదలుపెట్టిన పత్రికా శీర్షికను, వారానికి ఆరు రోజుల చొప్పున చాలా ఏళ్లు, ఇంచుమించు చివరిదాకా రాసింది. నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు సభామందిరం ఇవ్వబోమన్న మహిళా సంస్థకు 1939లో రాజీనామా చేసింది. అన్నిటిలోనూ ఆమె నెగ్గిందని కాదు. యుద్ధకాలంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను శిబిరాల్లో నిర్బంధించడం ఆమెకు ఇష్టం లేదు. అయినా బహిరంగంగా భర్త ప్రభుత్వాన్ని ఎదిరించలేదు.

1945 ఏప్రిల్ 12న ఫ్రాంక్లిన్ చనిపోయాడు. ఆయన కుప్పకూలినప్పుడు లూసీ ఆ ఇంట్లోనే ఉందని, ఆ కలయికలకు సొంత కూతురు ఆనాయే ఏర్పాట్లు చేసిందని ఎలినార్‌కు తెలిసింది. ఇక తన కథ ముగిసిందనుకుంది. కానీ ఆ ఏడాది చివర్లోనే అధ్యక్షుడు ట్రూమన్ ఆమెను ఐక్యరాజ్యసమితికి పంపారు. మానవ హక్కుల సంఘానికి అధ్యక్షురాలిగా, రకరకాల దేశాల, మతాల, సిద్ధాంతాల ప్రతినిధులను ఓపిగ్గా ఒక్కచోట కూర్చోబెట్టి ప్రకటన తయారు చేయించింది. అందులో మన దేశం పాత్ర కూడా ఉంది. మొదటి అధికరణంలో పురుషులందరూ అనే అర్థం వచ్చే మాట తీసేసి మానవులందరూ అని పెట్టించింది మన ప్రతినిధి హంసా మెహతా. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో 48 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఎనిమిది దేశాలు తటస్థంగా ఉన్నాయి. 1952లో ఎలినార్ మన దేశానికి వచ్చింది. ఆ పర్యటన గురించి పుస్తకం కూడా రాసింది.

ఇంత చేసిన ఆమెకు ఇంటి సంగతిలో వెలితి మిగిలిపోయింది. తమ్ముడు హాల్‌ను తండ్రిలాగే తాగుడు బలి తీసుకుంది. అయిదుగురు పిల్లల కాపురాలూ విడాకుల దాకా వెళ్లాయి. తాను మంచి తల్లిని కాలేకపోయానని ఆమె దాచకుండా రాసుకుంది. ప్రేమ దొరకని ఇంట్లో పెరిగిన మనిషికి ఆ ప్రేమను తన ఇంట్లో పంచడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. బడి ఆమెకు ధైర్యం ఇచ్చింది, ఆలోచన ఇచ్చింది. అమ్మ ఒడి ఇవ్వాల్సింది మాత్రం బడి ఇవ్వలేకపోయింది. 1962 నవంబర్ 7న, 78 ఏళ్ల వయసులో, ఆమె కన్నుమూసింది. సువెస్ట్రు గారి బొమ్మను మాత్రం చివరిదాకా తన రాతబల్ల మీద ఉంచుకుంది.

మిత్రులారా, మన సంఘం బడికి బెంచీలు, కంప్యూటర్లు, ఉపకార వేతనాలు ఇస్తోంది. అవి తప్పక కావాలి. వాటితో పాటు మనలో ఊళ్లో ఉన్నవాళ్లం నెలకు ఒక పూట బడికి వెళదాం. ఏ తరగతిలోనైనా చివరి బెంచీలో, అడిగితే గానీ నోరు విప్పని ఒక పిల్ల ఉంటుంది. ఆ పిల్ల పక్కన కూర్చుని, నీ ఆలోచన ఏమిటమ్మా అని అడుగుదాం.