తీగలేని వార్త: మార్కోని మహాశయుని జీవితము

ఉగాది సంచికలో ఇటలీ దేశస్థుని కథ ఏల అని పాఠకులు అడుగవచ్చును. తుంగభద్ర కాలువల క్రింద సేద్యమునకై కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి బళ్లారి జిల్లా సిరుగుప్ప ప్రాంతపు క్యాంపులకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలోని పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకముండును. పగలెల్ల రేడియో త్రిప్పినను బెజవాడ కేంద్రము సరిగా అందెడిది కాదు, గరగర మాత్రమే మిగిలెడిది. దీపములు పెట్టినపిమ్మట అదే కేంద్రము తేలుచు, మునుగుచు, మరల తేలుచు వినవచ్చెడిది. పగలు రాని మాట రాత్రి ఎట్లు వచ్చుచున్నదని మేము చిన్నతనమున ఆశ్చర్యపడితిమి. ఈ వింతను సముద్రముమీద కొలిచి లోకమునకు చెప్పినవాడు గూలియెల్మో మార్కోని. కనుక ఆయన మనకు బొత్తిగా పరాయివాడు కాడు.

మార్కోని 1874 ఏప్రిల్ 25వ తేదీన బొలోనా నగరమున జన్మించెను. తండ్రి జుసెప్పె భూస్వామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండు దేశస్థురాలు. ఆయనకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. విద్యుదయస్కాంత తరంగములను ప్రయోగశాలలో చూపిన హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1894లో మరణించెను. ఆ ప్రయోగములనుగూర్చి చదివిన మార్కోని, ఇరువదేండ్ల ప్రాయమున, పొంటెక్కియో గ్రామములోని తమ యింటి పైగదిలో పని మొదలిడెను. తీగను ఎత్తున కట్టి, యంత్రపు రెండవ కొసను భూమికి కలిపినచో దూరము పెరుగునని గ్రహించెను. 1895లో ఆయన పంపిన సంకేతము ఒక గుట్టను దాటి సుమారు రెండు కిలోమీటర్లు పోయెను. అది అందినదని అవతలివారు తుపాకి పేల్చి తెలిపిరని చెప్పుదురు.

ఓడలు విస్తారముగానున్న దేశమున ఈ విద్యకు గిరాకి యుండునని తలచి, 1896లో తల్లితో కూడ లండను చేరెను. ఆ సంవత్సరము జూన్ 2న పేటెంటుకు దరఖాస్తు చేసెను. తపాలాశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ ఆయనను ఆదరించెను. 1897లో కంపెనీ ఏర్పడినది. 1899లో ఇంగ్లీషు ఛానల్ దాటి ఫ్రాన్సు, ఇంగ్లండుల నడుమ వార్తలు నడచెను.

అయినను పండితులు తల యూపలేదు. తరంగము వెలుగువలె తిన్నగా పోవును, భూమియేమో గుండ్రముగానున్నది, కాబట్టి మహాసముద్రము దాటి పోజాలదని వారి వాదము. మార్కోని వారితో వాదింపక, ఇంగ్లండు నైఋతి కొసనున్న పోల్డ్యూలో గొప్ప స్టేషను కట్టించెను. 1901 సెప్టెంబరు తుపానులో అక్కడి స్తంభములు కూలెను. నవంబరులో అమెరికా వైపు స్తంభములును కూలెను. ఆయన వెనుదీయక, పోల్డ్యూలో చిన్న ఏరియల్ కట్టించి, తాను న్యూఫౌండ్‌లాండు ద్వీపములోని సెయింట్ జాన్స్ రేవునకు వెళ్లెను. అక్కడ గాలిపటమునకు 500 అడుగుల తీగ కట్టి ఎగురవేయించెను. డిసెంబరు 12 మధ్యాహ్నము, టెలిఫోను రిసీవరును చెవికి ఆనించుకొని యుండగా, మోర్సు లిపిలో ఎస్ అక్షరమునకు గుర్తైన మూడు చుక్కల చప్పుడు వినబడెనని ఆయన ప్రకటించెను. దూరము సుమారు 3,400 కిలోమీటర్లు.

వినినవారు ఇద్దరే: మార్కోని, ఆయన సహాయకుడు కెంప్. కాగితముపై గుర్తు పడలేదు. పైగా అది పట్టపగలు. ఆ తరంగము నేటి మీడియం వేవ్ పట్టీలోనిదని తరువాతివారు లెక్కకట్టిరి. పగటివేళ అట్టి తరంగము అంత దూరము చేరుట దుర్లభము. ఆయన వినినది సంకేతమా, ఆకాశములోని మెరుపుల గరగరయా అను వివాదము నేటికిని తీరలేదు.

ఇచ్చట మన దేశపు మాట యొకటి కలదు. ఆనాడు మార్కోని వాడిన, తరంగము రాకను పసిగట్టు పరికరము ఇటలీ నౌకాదళమునుండి వచ్చినది. ఇనుమునకు పాదరసమును తాకించు ఆ విధానమును జగదీశచంద్ర బోసు 1899లోనే రాయల్ సొసైటీ ఎదుట వివరించియుండెనని 1998లో ప్రచురితమైన పరిశోధన చూపినది. కీర్తి ఒకరికి దక్కగా, పరికరము మరియొకరిదయ్యెను.

తన మాటను నమ్మనివారిపై మార్కోని కోపింపలేదు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడనెక్కి అమెరికాకు ప్రయాణమయ్యెను. ఈ మారు చెవిని నమ్ముకొనక, సంకేతములను కాగితపు పట్టీపై సిరాతో ముద్రించు యంత్రమును పెట్టించెను. ఓడ కెప్టెను సాక్షిగా సంతకము చేసెను. పగలు 700 మైళ్లు దాటగానే సంకేతములు నశించెను. రాత్రి పూర్తి వార్తలు 1,551 మైళ్లవరకును, ఎస్ అక్షరము 2,099 మైళ్లవరకును పట్టీపై పడెను. ఆయన జీవితములో మాకు అన్నిటికంటె గొప్పగా తోచు ఘట్టమిది. తన చెవి వినినదానిని లోకము కన్ను చూచునట్లు చేసెను.

కారణము మెల్లగా తేలినది. మింటిపై విద్యుత్తుతో కూడిన పొర యొకటి యుండి తరంగములను క్రిందికి మరలించునని 1902లోనే కెనెల్లీ, హెవిసైడ్ వేర్వేరుగా సూచించిరి. 1924లో ఆపిల్టన్ దానిని రుజువు చేసెను. పగలు ఎండవలన ఏర్పడు క్రింది పొర మీడియం వేవ్ తరంగములను మ్రింగివేయును. ప్రొద్దు గ్రుంకగానే ఆ పొర కరగిపోవును, పై పొర అద్దమువలె పనిచేయును. మన క్యాంపులకు రాత్రి బెజవాడ మాటను మోసికొని వచ్చినది ఆ అద్దమే.

1907లో అట్లాంటికుపై వర్తకపు వార్తలు మొదలయ్యెను. 1909లో బ్రౌన్‌తో కలిసి మార్కోని నోబెల్ బహుమానము పొందెను. 1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు ఏడు వందలమందికి పైగా బ్రదికినది తీగలేని పిలుపు వలననే. అయితే అల ఎంత పొడవైన అంత దూరము పోవునని చాలకాలము ఆయన నమ్మియుండెను. పనికిరావని అమెరికా చట్టము 1912లో 200 మీటర్ల లోపు అలలను ఔత్సాహికులకు విడిచెను; ఆ హద్దునకు దగ్గరి అలలతో, 1921 డిసెంబరులో ఆ ఔత్సాహికులే అట్లాంటికును దాటిరి. చిన్న అలలను ఉపేక్షించుట పొరపాటేమోనని 1922లో మార్కోని సభాముఖమున అంగీకరించెను. ఆ చిన్న అలలతోనే 1927లో ఇంగ్లండు, ఇండియాల నడుమ బీము సర్వీసు వెలసినది. మన దేశపు స్టేషన్లు పూనా చెంతనున్న కిర్కీలోను, ధోండులోను ఉండెడివి.

ఆయనయందు దోషములు లేకపోలేదు. 1923లో ఫాసిస్టు పార్టీలో చేరి ముస్సోలినీకి అండగా నిలుచుట ఆ కీర్తికి మచ్చ. 1937 జూలై 20న రోములో కన్నుమూసెను. అంత్యక్రియలనాడు ఇంగ్లండులో రేడియోలు రెండు నిమిషములు మౌనము వహించెను. బోసు మహాశయుడును ఆ సంవత్సరము నవంబరులోనే గతించెను.

పొడవైన అలల కథ అంతటితో ముగియలేదు. 2007లో 136 కిలోహెర్ట్జ్ ప్రాంతమును, 2012లో 472 కిలోహెర్ట్జ్ ప్రాంతమును అంతర్జాతీయ సభలు ఔత్సాహికులకు కేటాయించెను. ఒక చుక్కను అనేక సెకండ్లు సాగదీసి పంపి, చెవికి అందనంత బలహీనమైన సంకేతమును గరగరనుండి కంప్యూటరుతో వేరుచేసి, గుర్తును తెరపై చూపుచున్నారు. ఓడలోని కాగితపు పట్టీ చేసిన పనియే అది.

మన యిండ్లలో నేడు ఫోను మ్రోగగానే పుట్టినూరి గొంతు పక్కనుండి పలికినట్లు వినబడుచున్నది. గరగరలో చెవి యొగ్గి తెలుగు మాటకై కాచుకొనిన ఆ రాత్రులను పిల్లలకు చెప్పుట పెద్దల విధి. నూతన సంవత్సరము అందరకు శుభము చేకూర్చుగాక.