వారాల లెక్కను శాస్త్రం చేసిన గౌస్

కాలాన్ని కొలవడానికి మానవుడు ఏర్పరచుకొన్న మానాలలో దినానికి సూర్యుడు సాక్షి; మాసానికి చంద్రుడు సాక్షి; సంవత్సరానికి ఋతుచక్రం సాక్షి. వారానికి మాత్రం ఆకాశంలో సాక్షి ఎవ్వరూ లేరు. ఏడు దినాల ఆ వరుస కేవలం మానవుని లెక్కలో నిలిచి ఉన్నది. అయినా రాబోయే తేదీ ఏ వారమవుతుందో, ఏ పర్వం ఎన్నడు వస్తుందో తెలుసుకోగోరేవారికి ఆ ఏడే ఆధారం. ఈ లెక్కకు శాస్త్రప్రతిపత్తి కలిగించినవాడు జర్మను గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గౌస్. విశేషమేమంటే, ఆయన జన్మదినం కూడా ఇట్టి లెక్కవల్లనే తేలవలసి వచ్చింది.

గౌస్ బ్రన్స్విక్ నగరంలో ఒక నిరుపేద కుటుంబంలో పుట్టాడు. తండ్రి తాపీపని, తోటపని చేసి ఇల్లు గడిపేవాడు. తల్లి డొరోథియాకు చదువు రాదు. కుమారుడు పుట్టిన తేదీని ఆమె వ్రాసి ఉంచలేదు. ఆమెకు జ్ఞాపకమున్నది ఒక్కటే: ఆనాడు బుధవారం, క్రీస్తు స్వర్గారోహణ పర్వానికి ఎనిమిది దినాలు ముందు. మన అమ్మమ్మలు పిల్లల పుట్టుకను ఏ సంక్రాంతి వెళ్ళిన ఎన్నవనాడో చెప్పి గుర్తుంచుకొన్నట్లే ఇదీను.

అయితే ఆ పర్వానికి స్థిరమైన తేదీ లేదు. అది ఈస్టరు ఆదివారం మొదలు లెక్కిస్తే నలువదవ దినం. అంటే ఈస్టరు తరువాత ఐదు వారాల నాలుగు దినాలు. ఈస్టరుకైనా స్థిరమైన తేదీ ఉన్నదా అంటే, అదీ లేదు. మార్చి 21వ తేదీన గాని, ఆ తరువాత గాని వచ్చే పూర్ణిమ దాటిన పిమ్మట మొదటి ఆదివారం ఈస్టరు. సూర్యుడు, చంద్రుడు, వారం అనే మూడు వేర్వేరు చక్రాలు అక్కడ కలుసుకోవాలి. దీనికై శతాబ్దాలుగా మతాధికారులు పెద్దపెద్ద పట్టికలు తయారుచేసుకొనేవారు.

1800లో, ఇరువదిమూడేళ్ళ ప్రాయంలో, గౌస్ ఆ పట్టికల అవసరం లేకుండా చేశాడు. సంవత్సరాన్ని 19తోను, 4తోను, 7తోను భాగించి, శేషాలను మాత్రం గ్రహించాలి. మొదటిది చంద్రుని చక్రానికి, రెండవది అధిక దినానికి, మూడవది వారానికి సంబంధించినవి. ఆ శేషాలపై కొద్దిపాటి కూడికలు, గుణకారాలు చేస్తే మార్చి 22 తరువాత ఎన్ని దినాలకు ఈస్టరు వస్తుందో తేలుతుంది. 1777కు ఈ లెక్క చేస్తే వచ్చేవి మూడు, ఐదు, మొత్తం ఎనిమిది. అనగా ఈస్టరు మార్చి 30. అక్కడినుండి ఐదు వారాల నాలుగు దినాలు ముందుకు పోతే మే 8, గురువారం. ఎనిమిది దినాలు వెనుకకు వస్తే ఏప్రిల్ 30, బుధవారం. చదువురాని తల్లి జ్ఞాపకం ఒక్క దినమైనా తప్పలేదు.

ఆ సూత్రంలో దూరపు శతాబ్దాలకు వర్తించే ఒక భాగంలో లోపమున్నదని తరువాత ఆయన శిష్యుడు పాల్ టిట్టెల్ చూపాడు. గౌస్ దానిని అంగీకరించి 1816లో సవరించాడు. శిష్యుని మాటను గౌరవించడం ఆయన స్వభావానికి తగినదే.

ఇంతటివాడు చదువుకోగలగడమే ఒక అదృష్టం. పాఠశాలలో బ్యూట్నర్ అనే ఉపాధ్యాయుడు, అతని సహాయకుడు బార్టెల్స్ ఈ బాలుని ప్రతిభను గుర్తించారు. ఆ కీర్తి బ్రన్స్విక్ డ్యూక్ చెవిని పడింది. డ్యూక్ వేతనమిచ్చి చదివించాడు. 1795లో గౌస్ గోటింగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి సంవత్సరమే పదునేడు భుజాల సమబహుభుజిని వృత్తలేఖినితో, కొలతలు లేని బద్దతో నిర్మించవచ్చునని నిరూపించాడు.

1801లో వెలువడిన ఆయన మహాగ్రంథం డిస్క్విజిషియోనెస్ అరిథ్మెటికే. అందులో ఆయన వారాల లెక్క వెనుక ఉన్న రహస్యాన్ని సర్వసంఖ్యలకూ విస్తరింపజేశాడు. రెండు సంఖ్యల భేదం ఏడుతో నిశ్శేషంగా భాగింపబడితే, ఏడు దృష్టిలో ఆ రెండూ ఒక్కటే. నేడు శుక్రవారమైతే నూరు దినాల తరువాత ఏ వారం? నూటిలో పదునాలుగు వారాలు తీసివేస్తే మిగిలేది రెండు, కనుక ఆదివారం. సామాన్య సంవత్సరం ఏబదిరెండు వారాల ఒక దినం గనుక తేదీ ఏటికొక వారం ముందుకు జరుగుతుంది. గ్రెగరీ పంచాంగంలో నాలుగు వందల ఏండ్లకు 1,46,097 దినాలు, అవి సరిగా 20,871 వారాలు, శేషం సున్న. అందువల్లనే ఆ పంచాంగం నాలుగు వందల ఏండ్లకొకసారి వారంతో సహా మొదటికి వస్తుంది. సంవత్సరాది ఏ వారమో చెప్పే సూత్రమొకటి గౌస్ మరణానంతరం ఆయన కాగితాలలో దొరికింది.

అదే సంవత్సరం జనవరి 1వ తేదీన పాలెర్మోలో పియాజీ సిరీస్ అనే చిన్న గ్రహాన్ని కనుగొన్నాడు. ఫిబ్రవరి 11 తరువాత అది సూర్యకాంతిలో మరుగుపడింది. నలుబది ఒక్క దినాల పరిశీలనలు ఆధారంగా గౌస్ దాని మార్గాన్ని గణించాడు. ఆయన చెప్పిన చోటికి సమీపంలోనే సంవత్సరాంతంలో జాక్, ఆ వెంటనే ఓల్బర్స్ దానిని తిరిగి చూశారు. ఐరోపా అంతటా ఆయన పేరు మారుమ్రోగింది.

కాని గణితానికి లొంగని దినాలు కూడా ఆయన జీవితంలో ఉన్నవి. 1806లో నెపోలియను సైన్యంతో జరిగిన యుద్ధంలో గాయపడి డ్యూక్ మరణించాడు. 1807లో గౌస్ గోటింగెన్‌లో ఆచార్యపదవి స్వీకరించాడు. 1809 అక్టోబరులో ప్రియభార్య జోహన్నా ప్రసవానంతరం కన్నుమూసింది. నెలలు తిరుగకముందే ఆ శిశువూ పోయాడు. వృద్ధురాలైన తల్లిని ఆయన తన ఇంటనే ఉంచుకొని, ఆమె చూపు పోయిన తరువాత కూడా 1839లో మరణించువరకు సేవించాడు.

మహనీయులు, మిత్రులు, ఆత్మీయులు ఎన్ని దినాలు జీవించారో లెక్కకట్టి వ్రాసుకోవడం గౌస్‌కు అలవాటు. న్యూటను జీవించినది 30,766 దినాలు. 1853 డిసెంబరు 9న మిత్రుడు హంబోల్ట్ సరిగా అన్ని దినాలు పూర్తిచేస్తాడని ముందుగా గణించి, ఆయనకు లేఖ వ్రాశాడు. మిత్రునికి దీర్ఘాయువు కోరడానికి గణితవేత్తకు తోచిన మార్గమది.

గౌస్‌కు అంతటి ఆయువు దక్కలేదు. 1855 ఫిబ్రవరి 23న గోటింగెన్ నక్షత్రశాలలోని తన నివాసంలో ఆయన తుదిశ్వాస విడిచాడు. తల్లి చెప్పిన బుధవారం మొదలు లెక్కిస్తే ఆయన గడిపినవి 28,422 దినాలు. అందులో 4,060 వారాలు పోగా మిగిలేది రెండు. బుధవారానికి రెండు కలిపితే శుక్రవారం. ఆనాడు శుక్రవారమే.